ఆ స్లాబు నేను తడపలేదు

దెయ్యాలంటే భయం లేదని కాదు నేను చెప్పేది. దెయ్యాలే లేవంటున్నాను. ఇదంతా రాసి ముగించాక కూడా అదే అంటాను.

మా ఇంట్లో జిన్నుల కథలకు కొదవ లేదు. మా అత్తమ్మ మాట నమ్మితే తెనాలిలో మా వీధిలో ఇంటికొక జిన్ను కాపురం ఉంటుంది. సందె నమాజు చదివే మగ్రిబ్ వేళ జుట్టు విరబోసుకుని డాబా ఎక్కకూడదని, పెళ్లయి వచ్చిన కొత్తలో ఆవిడ నాకు తెగ చెప్పేది. నేను కావాలనే అప్పుడే ఎక్కి, తీరిగ్గా జడ వేసుకుని దిగేదాన్ని. పాతికేళ్లు దాటింది. ఏ జిన్నూ నా జోలికి రాలేదు.

ఇలాంటి మనిషిని కాబట్టే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎక్కడా చెప్పలేదు. చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది పిరికితనం. దాన్ని వదిలించుకోవడానికే ఇప్పుడు రాస్తున్నాను.

నా పేరు మెహరున్నీసా. పనివాళ్లు మెహరక్క అంటారు. మా ఆయన కరీం ఇళ్లు కట్టించే మేస్త్రి. రోజూ మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ పట్టుకెళ్లి, ఆయన తినేదాకా ఖాళీగా కూర్చోలేక, గోడ నిలువు చూడటం, ఊచలు కట్టడం, కాంక్రీటు కలుపు చూడటం నేర్చుకున్నాను. ఆయన గుండెపోటుతో పోయాక, ఆ పని నేను చేస్తానన్నాను.

తెనాలిలో ఆయన తోటి కాంట్రాక్టర్లు నవ్వారు. ఆడమనిషి మేస్త్రి ఏంటన్నారు. నెత్తిన తట్ట పెట్టుకుని కాంక్రీటు మోసేది ఆడవాళ్లే కదా, అప్పుడు ఎవరికీ తప్పనిపించలేదు. తాపీ నా చేతికి వచ్చేసరికి అందరికీ ఎక్కడలేని సంప్రదాయం గుర్తొచ్చింది. ఒకాయనైతే మా ఇంటికొచ్చి, అత్తమ్మ ముందే, "మొదటి స్లాబుకే తేలిపోద్దిలేమ్మా" అని టీ తాగి మరీ వెళ్లాడు. కప్పు కడుగుతూ ఆ మాటనే నమిలాను.

ఏడాదిన్నర చిన్నా చితకా మరమ్మతులే చేశాను. బాత్‌రూములు, ప్రహరీలు. నా పేరు మీద ఇల్లన్నది ఒక్కటి లేచినా చాలనుకుంటూ ఉండగా, రేపల్లె సారు ఫోన్ చేశారు.

ఆయనకు రేపల్లెలో ఎరువుల కొట్టుంది. ఆ కొట్టు మా ఆయన కట్టిందే. బాపట్ల దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో, ఇసుక నేలలో, జీడిమామిడి చెట్ల మధ్య ఒక పాత ఇల్లు కొన్నారాయన. పెంకులు దిగిపోయి ఉన్నా గోడలు మూరెడు మందం. దాన్ని పడగొట్టకుండా కొత్తగా మార్చాలని ఆయన కోరిక.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఎలా కావాలి సార్ అంటే ఫోన్ తీసి బొమ్మ చూపించారు. ఎక్కడో ఎడారిలో పశువులు పెంచుకునేవాళ్ల పాత ఇల్లట. దాన్ని ఎవరో మోడరన్‌గా మార్చారు. పొట్టిగా, బారుగా, మట్టిరంగు గోడలు, చదును కప్పు, నిలువెత్తు అద్దాలు, గుమ్మం ముందు ముళ్ల మొక్కలు.

"ఇసుక మనకీ ఉంది సార్. బొమ్మజెముడు కావాల్సినంత ఉంది. అద్దాలొక్కటే తక్కువ," అన్నాను.

ఆయన నవ్వి, పని నాకే ఇచ్చారు. పాత గోడలు అలాగే ఉంచి, లోపల పిల్లర్లు లేపి, పెంకుల బదులు స్లాబు వేయాలి. నా మొదటి స్లాబు. అది పగిలితే, కారితే, తెనాలిలో నాకు మళ్లీ ఎవరూ పని ఇవ్వరు. టీ తాగి వెళ్లినాయన మాటే నిలబడుతుంది. అందుకని ఆ ఇంటి మీద నా ప్రాణం పెట్టుకున్నాను.

ఆ పాత ఇంటి పక్కన ఒక దొరువు ఉండేది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆ ఇసుక నేలలో నాలుగైదు అడుగులు తవ్వితే మంచినీళ్లు ఊరతాయి. ఏటవాలుగా, నడిచి దిగేట్టు తవ్వుకున్న నీటిగుంటను దొరువు అంటారు. పూలమొక్కలు, ఆకుకూరలు పెంచేవాళ్లు కావిడితో అందులోకి దిగి, రెండు బిందెలూ ఒకేసారి ముంచి, సాళ్ల మధ్య నడుస్తూ రెండు పక్కలా వంచుకుంటూ పోతారు. ఇప్పుడు బోర్లు వచ్చాక చాలామంది మానేశారు.

కారు పెట్టుకోవడానికి ఆ చోటు కావాలన్నారు సారు. వెనక విడిగా ఉన్న పాత వంటగది పడగొట్టిన ఇటుకలు, పెంకులు అన్నీ అందులో పోయించి, పైన ఇసుక కప్పించి, దిమ్మిసతో కొట్టించాను. ఒక్క పూటలో అయిపోయింది.

పక్క తోటలో ఉండే నాగరత్నమ్మ గారు కంచె దగ్గరికి వచ్చి చూస్తూ నిలబడింది. ఎనభై ఏళ్ల మనిషి, మోకాళ్లు అరిగిపోయి కర్ర లేనిదే అడుగు వేయలేదు.

"కోటయ్య దొరువమ్మా అది. పూడ్చేశారా?" అంది.

కోటయ్య అంటే ఆ ఇంటి పాత యజమాని. మూడేళ్ల క్రితం పోయాడు. కూతురు ఇల్లు అమ్మేసి అత్తగారి ఊరికి వెళ్లిపోయింది.

"బోరుంది కదా మామ్మగారూ," అన్నాను నేను. ఆవిడ కర్ర ఊనుకుంటూ తోటలోకి వెళ్లిపోయింది.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. నాలుగు రోజులు బకెట్లో ఉంటే అంచున తెల్లటి చార పడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం.

స్లాబు బుధవారం వేశాం. నా పనివాళ్లంతా రేపల్లె పక్క పల్లెల వాళ్లు. తాపీమేస్త్రి ఏసోబు మా ఆయన దగ్గర పెరిగిన మనిషి, నన్ను సొంత అక్కలా చూస్తాడు. పొద్దున ఏడింటికి మొదలుపెడితే సాయంత్రం నాలుగింటికి ఆఖరి తట్ట పడింది. గురువారం పొద్దున స్లాబు మీద గోనెపట్టాలు పరిచి, మోటారు వేసి బాగా తడిపాం. శుక్రవారం గుడ్ ఫ్రైడే. ఆ ఏడు రంజాన్ ఉపవాసాలూ, అదే రోజాలూ, అప్పుడే నడుస్తున్నాయి. గురువారం మధ్యాహ్నానికి పనివాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయారు, ఈస్టరు చూసుకుని మంగళవారం వస్తారు. వాచ్‌మన్ సాంబయ్య మూడు పూటలా తడిపేట్టు మాట్లాడుకున్నాం.

కొత్త స్లాబుకు మొదటి నాలుగు రోజులు నీళ్లే ప్రాణం. ఎండాకాలంలో ఒక్క పూట ఎండినా బీటలు తీస్తుంది. మూడు రోజులు ఎండితే దాన్ని పగలగొట్టుకోవడమే. ఇది పనిలో పుట్టిన పసివాడికైనా తెలుసు.

గురువారం సాయంత్రం ఇఫ్తార్‌కు ముందు మా అత్తమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. డెబ్భై అయిదేళ్ల వయసులో బీపీ మాత్రలు మానేసి రోజాలు ఉంటానని పంతం. చెబితే వినే రకం కాదు, ఆ విషయంలో నా అత్తే. తెనాలిలోనే ఆసుపత్రిలో చేర్పించాను. గురు, శుక్ర, శని ఆవిడ మంచం పక్కనే ఉన్నాను. స్లాబు గుర్తు రాలేదా అంటే వచ్చింది. ఏసోబు సాంబయ్యకు ఫోన్ చేసి కనుక్కుంటూ ఉంటాడులే అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం అత్తమ్మను ఇంటికి తెచ్చాక సాంబయ్యకు ఫోన్ చేశాను.

"మోటారు కాలిపోయిందమ్మా," అన్నాడు.

"ఎప్పుడు?"

"గురువారమే. మీరు వెళ్లిన కాసేపటికే. ఏసోబన్నకు చెప్పి నేను మా ఊరొచ్చేశాను."

వెంటనే ఏసోబుకు చేశాను. వాడు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నీకు మా పండగ లేదు కదక్కా, నువ్వు పనిలో ఉంటావనుకున్నా. సాంబయ్య నీకు కూడా చెప్పే ఉంటాడనుకున్నా." నేనేమో, నాకు రోజాలు కాబట్టి వాడే చూసుకుంటాడనుకున్నాను. ఒకళ్ల పండగ మీద ఒకళ్లం భారం వేసి ఇద్దరం నిశ్చింతగా కూర్చున్నాం. పై ఎండలో స్లాబు అలాగే ఉంది. శుక్రవారం, శనివారం, ఆదివారం.

వాణ్ని తిట్టాలనిపించింది. తిట్టడానికి కూడా మొహం లేదు. నా సైటు, నా స్లాబు, నా మతిమరుపు. పొద్దున నేను వెళ్లి చూస్తాను, నువ్వు మంగళవారమే రా అని పెట్టేశాను.

సోమవారం తెల్లారకముందు తినే సహర్‌కు గుక్కెడు నీళ్లు మాత్రం తాగి, మొదటి పాసింజరు ఎక్కాను. బాపట్ల చేరేదాకా కిటికీ పక్కన కూర్చుని ఒక్కటే లెక్క వేసుకున్నాను. రేపల్లె సారుకు ఏమని చెప్పాలి, పగలగొట్టించడానికి ఎవర్ని పిలవాలి, ఆ మాట తెనాలి చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది. కరీం పోయినప్పుడు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా మీద నాకే.

ఆటో దిగి గేటు తీసేసరికి ఏడున్నర. పైకి వెళ్లడానికి కర్రలు, పలకలతో కట్టిన మెట్లు ఉన్నాయి. వాటి దాకా వెళ్లి ఆగిపోయాను. పలకలు తడిగా ఉన్నాయి.

పలక మొత్తం కాదు. ఒక్కో మెట్టు మీద రెండు తడి మచ్చలు, ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. నడిమధ్య పొడిగా ఉంది. కిందనుంచి పై దాకా అంతే.

నేను పైకి పరిగెత్తాను. గోనెపట్టాలన్నీ నల్లగా, బరువుగా, నీళ్లోడుతున్నాయి. ఒక పట్టా ఎత్తి చూశాను. కింద కాంక్రీటు పచ్చిగా, చల్లగా ఉంది. చెంప ఆనించాను, నిజం చెబుతున్నాను. మూలమూలలా అన్ని పట్టాలూ ఎత్తి చూశాను. వెంట్రుకవాసి బీట లేదు. ఆరిన జాడ లేదు. అది ఒక్కసారి తడిపిన తడి కాదు. మూడు రోజుల ఎండ తిన్న కాంక్రీటును ఆఖరి రోజు తడిపితే అది తెల్లబారి, పెచ్చులుగా కనిపిస్తుంది. ఇది ఒక్క పూట కూడా ఎండలేదు.

అక్కడే కూలబడి అల్లాకు షుక్రియా చెప్పుకున్నాను. ఆ తర్వాత బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది. ఎవరు?

వాన అనుకుంటారేమో. పక్కన జీడిమామిడి ఆకుల మీద మూడు రోజుల దుమ్ము అలాగే ఉంది. కిందికి దిగి మోటారు చూశాను. స్టార్టరు నల్లగా మాడిపోయి, వాసన కూడా ఇంకా పోలేదు. మెట్ల పక్కన పనిముట్లు కడుక్కునే నీలం డ్రమ్ము ఉంటుంది. గురువారం దాన్ని నేనే బోర్లించి వెళ్లాను. అది నిలబెట్టి ఉంది. మెడ దాకా నీళ్లు.

మెట్ల దగ్గర్నుంచి ఇసుకలో తడి చారలు వెళ్తున్నాయి. రెండు చారలు, సమానంగా, మధ్యలో కావిడి బద్దంత ఎడం. వాటి వెంట నడిచాను. అవి నేను పూడ్పించిన దొరువు దాకా వెళ్లి ఆగిపోయాయి. అక్కడ దిమ్మిస కొట్టిన నేల గట్టిగా, పొడిగా, మేం వదిలినట్టే ఉంది. బూటు మడమతో గట్టిగా తన్ని చూశాను. ఇటుకముక్క తగిలింది.

ఆ ఎండపొద్దున, రోడ్డు మీద బళ్లు పోతుండగా, పక్క తోటలో ఎవరో రేడియో పెట్టుకుని ఉండగా నేను ఇవన్నీ చూశాను. చీకటి లేదు, మసక లేదు. పది నిమిషాల్లో ఎండకు ఆ చారలు ఆరిపోయాయి. ఫోటో తీయాలన్న ధ్యాస రాలేదు. ఎవరు అడిగినా ఇందుకు నన్ను నేనే తిట్టుకుంటాను.

నాగరత్నమ్మ గారిని అడిగాను. వాళ్లింట్లో ఆవిడా, కోడలూ ఉంటారు. కొడుకు లారీ మీద పోయి వారమైంది. కోడలు ఎనిమిదో నెల కడుపుతో ఉంది. ఇద్దర్లో ఎవరూ ఆ మెట్లెక్కే స్థితిలో లేరు. మీ వాళ్లెవరైనా వచ్చారా అని అడిగితే, ఎవరూ రాలేదంది. "తెల్లారుజామున బిందెల చప్పుడైతే వినపడిందమ్మా, మూడు రోజులూ, ఇవాళ కూడా. మీవాళ్లే అనుకున్నా," అంది. తర్వాత కంచె మీదుగా మా స్లాబు వైపు చూసి, "కోటయ్యకు ఎండిపోయినవి చూస్తే ఊపిరాడేది కాదు," అంది.

"చచ్చిపోయినాయన వచ్చి నీళ్లు మోస్తాడా మామ్మగారూ, ఊరుకోండి," అని ఆవిడ మీద ఒంటికాలి మీద లేచాను. పాపం, ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

గేటు దగ్గర రేపల్లె సారు పెట్టించిన సోలారు కెమెరా ఉంది. సైటు ఎలా ఉందో చూడాలనిపించిందని చెప్పి ఆయనతో ఆ నాలుగు రోజుల రికార్డింగులన్నీ పంపించుకున్నాను. గురువారం సాయంత్రం సాంబయ్య సంచి పట్టుకుని వెళ్లడం ఉంది. సోమవారం నేను రావడం ఉంది. నడుమ గేటు తీసిన మనిషి లేడు. వెనక కంచె దూకి రావచ్చు కదా అంటారు. రావచ్చు, నేను కాదనను. బిందెలతో కంచె దూకి, మూడు రోజులు, రోజుకు మూడు పూటలు, నీళ్లు లేని చోట నీళ్లు మోసి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయే పుణ్యాత్ముడు ఎవరో నాకు చూపించండి.

ఆ రోజు మిగతా పూటలు నేనే తడిపాను. నాగరత్నమ్మ గారి బోరు నుంచి బిందెతో మోశాను. నోట్లో చుక్క నీరు లేకుండా అన్ని బిందెలు మోస్తే నడుము పడిపోయింది. ఒక్క స్లాబుకు ఒక్క పూటకు ఎన్ని బిందెలు పడతాయో, ఎంత కష్టమో ఆ రోజు ఒంటికి తెలిసింది.

వచ్చేముందు డ్రమ్ములో నీళ్లు నా సీసాలో పట్టుకున్నాను. రోజాలో ఉన్నాను కాబట్టి నాలుక మీద వేసుకోవడానికి లేదు. తెనాలి చేరేసరికి అజాన్ వేళైంది. ఖర్జూరం నోట్లో వేసుకుని, ఆ సీసా మూత తీసి ఒక్క గుక్క తాగాను.

తియ్యగా ఉన్నాయి. ఉప్పు ఊసే లేదు. కొత్తకుండలో పోసినట్టు చల్లగా, కొంచెం మట్టివాసనతో ఉన్నాయి. నాగరత్నమ్మ గారి బోరు నీళ్లూ ఉప్పగానే ఉంటాయి, మధ్యాహ్నం మొహం కడుక్కున్నప్పుడు పెదాలకు తెలిసింది. ఆ చుట్టుపక్కల తియ్యటి నీళ్లున్న చోటు ఒక్కటే, దాని మీద నేను దిమ్మిస కొట్టించాను.

"ఎక్కడి నీళ్లే అవి, అలా చూస్తున్నావు?" అంది అత్తమ్మ మంచం మీద నుంచి. సైటు నీళ్లని చెప్పి మూత పెట్టేశాను.

మంగళవారం ఏసోబు నాకంటే ముందే వచ్చి స్లాబు మీద నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నిద్రపోలేదట. నన్ను చూసి దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"నువ్వు తడిపేశావా అక్కా? ఫోన్లో తెలీనట్టు మాట్లాడి నన్ను ఏడిపించావు కదా."

ఇక్కడే నేను తప్పు చేశాను. నిజం చెబితే, మూడు రోజులు స్లాబును గాలికి వదిలేశానని పనివాళ్లందరికీ తెలుస్తుంది. దాంతోపాటు ఈ బిందెల కథ కూడా. సగంమంది పని మానేస్తారు. తెనాలిలో అదే మాట వారం తిరుగుతుంది. అంతా ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగింది.

"మరి ఎవరు తడుపుతారు, మీ ఫాదరుగారొచ్చి తడుపుతారా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఏసోబు కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి పనివాళ్లు నన్ను చూసే తీరే మారిపోయింది. రోజాలో ఉండి, ఒక్కతే, బిందెలతో మూడు రోజులు స్లాబు తడిపిన మనిషినైపోయాను. ఆ పేరు నేను ఎక్కడా కాదనలేదు.

ఆ తర్వాత వారం రోజులు అత్తమ్మను పక్కింటివాళ్లకు అప్పజెప్పి నేను నాగరత్నమ్మ గారింట్లోనే ఉన్నాను. తెల్లారకముందే లేచి, సహర్ చేసి, కంచె దగ్గర కుర్చీ వేసుకుని స్లాబు వైపు చూస్తూ కూర్చునేదాన్ని. భయపడుతూ కాదు. కనిపిస్తే నిలబెట్టి అడగాలని. ఎవరూ రాలేదు. పట్టాలు నేను తడిపిన మేరకే తడిగా ఉండేవి. నేను వచ్చానని తెలిసి, ఇక నీ పని నువ్వు చూసుకో అని ఎవరో వదిలేసినట్టుంది.

ఆ పొద్దుల్లోనే నాగరత్నమ్మ గారు కోటయ్య సంగతి చెప్పింది. నలభై ఏళ్లు కావిడి మోశాడట. కనకాంబరాలు, తోటకూర, గోంగూర. చివరి ఎండాకాలం పక్షవాతంతో మంచాన పడ్డాడు. లేవలేడు. పొద్దున లేస్తే కూతుర్ని ఒక్కటే మాట అడిగేవాడట, "నీళ్లు పెట్టారా?" అని. పెట్టాం నాన్నా అనేది ఆ పిల్ల. పెట్టే దిక్కు లేక తోటంతా మాడిపోయింది. మంచం లోపలి గదిలో ఉంది కాబట్టి ఆయనకు కనపడలేదు.

"తెలుసమ్మా కోటయ్యకి. ఆకు ఎండిన వాసన తెలీదూ," అంది నాగరత్నమ్మ గారు.

నేను ఆవిడ చూడకుండా లేచి బిందె తీసుకుని వెళ్లాను.

ఇరవై ఒకటో రోజున సెంట్రింగు ఊడదీశాం. కర్రలు ఒక్కొక్కటే తీస్తుంటే నా పళ్లు కరుచుకుపోయాయి. రేపల్లె సారు తనకు తెలిసిన ఇంజినీరును వెంటబెట్టుకొచ్చారు. ఆయన సుత్తితో కింద నుంచి అంగుళం అంగుళం కొట్టి చూశాడు. అన్నిచోట్లా ఒకటే మోత. "ఎవరమ్మా క్యూరింగ్ చేసింది? ఎండాకాలం స్లాబులా లేదు," అన్నాడు. ఏసోబు నా వైపు చెయ్యి చూపించాడు, వాడి సొంత బిడ్డను చూపించినంత గర్వంగా.

మా వైపు స్లాబు నిలబడ్డాక ఇంటాయన మేస్త్రికి బట్టలు పెడతాడు. సారు సంచిలోంచి తీశారు. పంచె, కండువా. తీశాక నన్ను చూసి నాలుక కరుచుకున్నారు. మేస్త్రికి బట్టలంటే చెయ్యి అలవాటుగా పంచెల కొట్టుకే వెళ్లిపోయిందట. "క్షమించమ్మా, రేపు చీర పంపిస్తాను," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "చీరలు నాకు ఉన్నాయి సార్. మేస్త్రికి పెట్టేవి ఏవైతే అవే పెట్టండి," అని రెండు చేతులూ చాచాను. ఆయన పెట్టారు. పనివాళ్లు చప్పట్లు కొట్టారు. ఏసోబు ఈల కూడా వేశాడు. తెనాలిలో టీ తాగి వెళ్లినాయన అప్పుడు అక్కడ ఉంటే బాగుండేదనిపించింది.

చేతిలో ఆ పంచె బరువు తెలిశాక మాత్రం నవ్వు ఆగిపోయింది. స్లాబును బతికించింది నేను కాదు. ఆ పంచె నాది కాదు. సారు పొరపాటున సరైన బట్టలే తెచ్చారు, తప్పుడు మనిషికి పెట్టారు.

ఆ రోజే సారుతో చెప్పాను, కారు షెడ్డు ముందువైపు మార్చి, దొరువు మళ్లీ తవ్వుదామని. ఆయన ఒప్పుకోలేదు. ఎడారి ఇంటి బొమ్మ మళ్లీ తీయమన్నాను. అందులో ఇంటి పక్కన నీలంగా చిన్న నీళ్ల మడుగుంది.

"ఎడారోడికే నీళ్ల గుంట ఉంది సార్. మనకు తవ్వకుండా వచ్చిన దాన్ని పూడ్చుకుంటామా?" అన్నాను.

ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, సరే అన్నారు. కాదంటే ఆ పని వదిలేసి వెళ్లిపోదామనే అనుకున్నాను. ఆ మాట ఆయనకు తెలియదు.

ఇటుకలు, పెంకులు తీయడానికి రెండు రోజులు పట్టింది. పూడ్చడానికి ఒక పూట, తీయడానికి రెండు రోజులు. మూడో రోజు పొద్దునకు అడుగున నీళ్లు ఊరాయి. దిగి దోసిట్లో తీసుకుని తాగాను, అప్పటికి రంజాన్ అయిపోయింది. ఆ సీసా నీళ్ల రుచే.

ఆ సాయంత్రం పనివాళ్లంతా వెళ్లాక, పొద్దు ఇంకా ఉండగానే, పంచె, కండువా తీసుకెళ్లి దొరువు ఒడ్డున పెట్టాను. ఎగిరిపోకుండా ఇటుకముక్క ఒకటి పైన పెట్టాను. ఇది మొక్కు కాదు. అలా మొక్కడం మా దీన్‌లో, అంటే మా మతంలో లేదు, నా ఒంట్లోనూ లేదు. స్లాబు వేసినవాడికి బట్టలు పెట్టడం మా పనిలో మర్యాద, అంతే.

"స్లాబు నీది కోటయ్యా. నా పేరు చెప్పుకున్నా, ఏమనుకోకు," అన్నాను పైకే. ఎవరూ వినలేదని చుట్టూ చూసుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున నేనూ ఏసోబూ కలిసే వెళ్లాం. ఒడ్డున ఇటుకముక్క ఉంది. పక్కన జీడిమామిడి కొమ్మకు కండువా ఆరేసి ఉంది. పని చేసినవాడు ఒళ్లు తుడుచుకుని, పిండి, విదిలించి ఆరేసినట్టు నీటుగా ఉంది. అంచు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. పంచె ఎక్కడా లేదు.

ఎవరో దారినపోయే మనిషి స్నానం చేసి, పంచె పట్టుకుపోయి ఉంటాడు. ఈ మాట మీకంటే ముందు నేనే అనుకున్నాను. అయ్యుండొచ్చు. కొత్త పంచె దొంగిలించినవాడు కొత్త కండువాను పిండి ఎందుకు ఆరేశాడన్నది ఒక్కటే నాకు తెగడం లేదు.

అక్కడే నిలబడి ఏసోబుకు మొత్తం చెప్పేశాను. స్లాబు నేను తడపలేదని, వాళ్లందరి చప్పట్లూ నేను ఊరికే తీసుకున్నానని. వాడికి కోపం వస్తుందనుకున్నాను, లేకపోతే సిలువ గీసుకుని పని మానేస్తాడనుకున్నాను. వాడు వెళ్లి కండువా అంచు పట్టుకుని చూశాడు.

"అయితే పంచె ఏదక్కా?" అన్నాడు.

"ఏమో."

"కట్టుకున్నట్టున్నాడు," అని తాపీ తీసుకుని పనిలోకి వెళ్లిపోయాడు.

ఆ స్లాబు చూశాకే నాకు వరసగా మూడు ఇళ్లు వచ్చాయి. తెనాలిలో ఇప్పుడు నన్ను చూసి ఎవరూ నవ్వడం లేదు. ఇది చదివాక మళ్లీ నవ్వితే నవ్వుకోండి, పని మాత్రం మానను. దెయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆ మూడు రోజులు ఆ నీళ్లు ఎవరు మోశారో మాత్రం నాకు తెలియదు. ఏ ఊళ్లో ఏ స్లాబు వేసినా, మర్నాడు తెల్లారకముందే వెళ్లి మొదటి బిందె నేనే పోస్తున్నాను. పోసి, "నీళ్లు పెట్టాం" అని పైకే చెబుతున్నాను. ఈసారి అబద్ధం కాదు.